హిమోగ్లోబిన్ 12.3 ఉన్నా ఐరన్ లోపం ఉండవచ్చా? ఏ పరీక్షలు, ఏ వరుసలో చేయించాలి?

ప్రశ్న: గుంటూరు నుంచి ఒక తల్లి

నమస్కారమండీ. మా పెద్దమ్మాయికి 19 ఏళ్లు. హాస్టల్లో ఉండి ఇంజినీరింగ్ రెండో సంవత్సరం చదువుతోంది. సంక్రాంతి సెలవులకు ఇంటికి వచ్చినప్పుడు చూస్తే మేడ మెట్లు ఎక్కేసరికి ఆయాసపడుతోంది, దువ్వెన పెడితే జుట్టు కుచ్చులుగా ఊడి వస్తోంది, ఎంత నిద్రపోయినా బడలిక తీరడం లేదంటోంది. వీటన్నిటికంటే నన్ను కలవరపెట్టింది మరొకటి ఉంది. వంటింట్లోకి వచ్చినప్పుడల్లా బియ్యం డబ్బాలో చెయ్యి పెట్టి గుప్పెడు పచ్చి బియ్యం నోట్లో వేసుకుని నములుతోంది. అడిగితే, హాస్టల్లో కూడా ఒక చిన్న డబ్బాలో దాచుకుని తింటున్నానని, తినకుండా ఉండలేకపోతున్నానని చెప్పింది. నెలసరి ఆరేడు రోజులు ఉంటుంది, మొదటి రెండు రోజులు బాగా ఎక్కువగా అవుతుంది.

సీబీపీ చేయించాము. హిమోగ్లోబిన్ 12.3, ఎర్ర రక్తకణాలు 4.7 మిలియన్లు, ఎంసీవీ 79.8, ఎంసీహెచ్ 26.2, ఆర్‌డీడబ్ల్యూ 15.6 శాతం, ప్లేట్‌లెట్లు 4.3 లక్షలు అని వచ్చింది. తెల్లకణాలు మామూలుగానే ఉన్నాయి. మాకు దగ్గర్లో ఉన్న డాక్టరు గారు రిపోర్టు చూసి, 12 దాటింది కాబట్టి రక్తహీనత లేదని, అమ్మాయి వేళకు తినేలా చూడమని చెప్పి పంపించారు. ఇంటికి వచ్చి, కాలేజీలో చేరేటప్పుడు చేయించిన పాత రిపోర్టు తీసి చూస్తే అందులో హిమోగ్లోబిన్ 13.4, ఎంసీవీ 86 ఉన్నాయి. అప్పటినుంచి నాకు మనసు కుదురుగా లేదు.

ఒంట్లో ఐరన్ నిల్వను చూపే ఫెరిటిన్ పరీక్ష ఒక్కటి చాలని ఒకరు, ఐరన్ ప్రొఫైల్ మొత్తం చేయించమని మరొకరు చెబుతున్నారు. మా ఆడపడుచేమో పరీక్షలకు డబ్బు తగలేయడం ఎందుకు, ఐరన్ మాత్రలు మొదలుపెట్టేయండి అంటోంది. ఏది సరైనదో తెలిసినవారు చెప్పగలరు. జుట్టు కోసమని అమ్మాయి కొంతకాలంగా బయోటిన్ మాత్రలు వేసుకుంటోంది. పోయిన వారం జ్వరం, దగ్గు కూడా వచ్చి తగ్గాయి. పరీక్షల మీద వీటి ప్రభావం ఏమైనా ఉంటుందేమోనని ఈ వివరాలు కూడా రాస్తున్నాను.

జవాబు 1: పాథాలజిస్ట్, విశాఖపట్నం

అమ్మా, పాత రిపోర్టును వెతికి తీసి కొత్తదానితో పోల్చి చూడటం చాలా మంచి పని. ఏ ఒక్క రిపోర్టు చూసినా "కొంచెం తక్కువ" అనిపించే అంకెలే, రెండూ పక్కపక్కన పెడితే ఒకే వైపు జారుతున్నట్లు స్పష్టంగా కనిపిస్తున్నాయి.

గర్భవతులు కాని మహిళల్లో హిమోగ్లోబిన్ డెసిలీటరుకు 12 గ్రాముల కంటే తగ్గితే రక్తహీనత అని ప్రపంచ ఆరోగ్య సంస్థ నిర్ణయించింది. ఆ హద్దు రక్తహీనతకు పెట్టినదే తప్ప ఐరన్ లోపానికి పెట్టినది కాదు. మీ డాక్టరు గారు చెప్పిన మాట అక్షరాలా నిజమే, కానీ మీ అమ్మాయి ఇబ్బందికి అది సమాధానం కాదు. గాదెలో ధాన్యం అడుగంటుతున్నా, పూర్తిగా ఖాళీ అయ్యేదాకా కంచంలో అన్నం తగ్గదు కదా. శరీరం కూడా అలాగే ముందు కాలేయంలో, ఎముక మజ్జలో నిల్వ ఉన్న ఐరన్‌ను తీసి వాడుకుంటుంది. ఆ దశలో రక్తంలో ఫెరిటిన్ మాత్రమే పడిపోతుంది, హిమోగ్లోబిన్, ఎంసీవీ రెండూ చెక్కుచెదరవు. నిల్వ అయిపోయాక రెండో దశ మొదలవుతుంది. ఐరన్‌ను మోసుకెళ్లే ట్రాన్స్‌ఫెరిన్ అనే ప్రొటీన్ చాలావరకు ఖాళీగా తిరుగుతుంది, మజ్జకు కావలసినంత ఐరన్ అందక కొత్తగా పుట్టే ఎర్రకణాలు చిన్నవిగా, పాలిపోయి తయారవుతాయి. ఇది సాగి సాగి చివరికి హిమోగ్లోబిన్ 12 కంటే దిగినప్పుడు మాత్రమే మనం దానిని రక్తహీనత అని పిలుస్తున్నాము. అంటే హిమోగ్లోబిన్ అన్నిటికంటే ఆఖరున పడిపోయే అంకె. తొలిదశలో లోపాన్ని పట్టుకోవాలనుకునేవారు దాని ఒక్కదాని మీద ఆధారపడితే ఎప్పుడూ ఆలస్యమే అవుతుంది.

ఇక మీ సీబీపీలోకి వద్దాము. ఎంసీవీ అంటే ఎర్రకణం సగటు పరిమాణం. అది 86 నుంచి 79.8కి తగ్గింది. చాలా ల్యాబ్‌లు 80 లేదా 83ను కింది హద్దుగా ముద్రిస్తాయి కాబట్టి ఇది "స్వల్పంగా తక్కువ" అని కనిపిస్తుంది, కానీ ఒకే మనిషిలో ఆరు అంకెలు దిగడం స్వల్పం కాదు. ఎంసీహెచ్, అంటే ఒక్కో ఎర్రకణంలో ఉండే సగటు హిమోగ్లోబిన్, 27 కంటే తక్కువగా ఉంది. అన్నిటికంటే నా దృష్టి పడేది ఆర్‌డీడబ్ల్యూ మీద. ఎర్రకణం సుమారు 120 రోజులు బతుకుతుంది కాబట్టి, ఐరన్ సరిపడా ఉన్న రోజుల్లో పుట్టిన మంచి కణాలు, కొరత మొదలయ్యాక పుట్టిన చిన్న కణాలు కొన్నాళ్లపాటు ఒకే రక్తంలో కలిసి తిరుగుతాయి. ఆ హెచ్చుతగ్గులనే ఆర్‌డీడబ్ల్యూ కొలుస్తుంది. అది 14.5 దాటిందంటే, మిగతా అంకెలు ఇంకా హద్దుల్లోనే ఉన్నా, లోపల ఏదో మారుతోందని అనుమానించాలి. ప్లేట్‌లెట్లు 4.3 లక్షలు ఉండటం తప్పేమీ కాదు గాని, ఐరన్ తగ్గినప్పుడు అవి పైహద్దు వైపు పెరగడం మేము తరచుగా చూస్తుంటాము.

ఎంసీవీ తగ్గిన ప్రతిసారీ ఐరన్ లోపమేనని అనుకోకూడదు. వంశపారంపర్యంగా వచ్చే థాలసీమియా మైనర్ అనే రక్త సమస్య ఉన్నవారిలో కూడా కణాలు చిన్నవిగానే ఉంటాయి. అయితే వారిలో ఎర్రకణాల సంఖ్య ఎక్కువగా, తరచుగా 5 మిలియన్లు దాటి ఉంటుంది. ఎంసీవీని ఎర్రకణాల సంఖ్యతో భాగిస్తే వచ్చేదాన్ని మెంట్జర్ ఇండెక్స్ అంటారు. అది 13 కంటే తక్కువైతే థాలసీమియా మైనర్ వైపు, ఎక్కువైతే ఐరన్ లోపం వైపు మొగ్గుతుంది. మీ అమ్మాయి విషయంలో 79.8ని 4.7తో భాగిస్తే 17 వస్తోంది. పైగా ఏడాది, రెండేళ్ల కిందట ఎంసీవీ 86 ఉంది. పుట్టుకతో వచ్చే థాలసీమియా మైనర్‌లో ఎంసీవీ చిన్ననాటినుంచే తక్కువగా ఉంటుంది గాని మధ్యలో ఇలా దిగదు.

మీ దగ్గరి ల్యాబ్‌లో స్మియర్ చూసే పాథాలజిస్ట్ ఉంటే, అదే శాంపిల్ మీద పెరిఫెరల్ స్మియర్ (రక్తపు చుక్కను మైక్రోస్కోపు కింద చూసే పరీక్ష) కూడా చూడమని అడగండి. ఆరోగ్యంగా ఉన్న ఎర్రకణంలో మధ్యభాగం మూడో వంతు మేరకు లేతగా ఉంటుంది. ఐరన్ లోపంలో ఆ లేతదనం అంచుల దాకా పాకి, కణం ఉత్త చక్రంలా మిగులుతుంది. వాటి మధ్య సన్నగా, పొడుగ్గా పెన్సిల్ ఆకారంలో ఉండే కణాలు అక్కడక్కడ కనిపిస్తాయి. కొన్ని పెద్ద ల్యాబ్‌లలో రెటిక్యులోసైట్ హిమోగ్లోబిన్ అనే అంకె కూడా ఇస్తారు. రెటిక్యులోసైట్లు మజ్జ నుంచి వచ్చి రక్తంలో ఒకటి రెండు రోజులు మాత్రమే ఉండే పసి కణాలు కాబట్టి, వాటిలోని హిమోగ్లోబిన్ ఈ వారంలో మజ్జకు ఐరన్ అందిందో లేదో చెబుతుంది. అది 28, 29 పికోగ్రాముల కంటే తక్కువైతే మజ్జకు ఐరన్ చాలడం లేదని అర్థం. ఇది దొరికితే మంచిదే, దొరకకపోయినా పని ఆగదు. తప్పనిసరిగా కావలసిన పరీక్ష ఫెరిటిన్.

పచ్చి బియ్యం మీద కోరికను మాత్రం దయచేసి చెడు అలవాటు కింద జమకట్టి అమ్మాయిని కోప్పడవద్దు. బియ్యం, బలపాలు, మట్టి, ఐసు ముక్కలు తినాలనిపించడం ఐరన్ లోపంలో ఎంతోకాలంగా గుర్తించిన లక్షణం. ఐరన్ అందడం మొదలైతే ఆ కోరిక చాలామందిలో దానంతట అదే పోతుంది.

జవాబు 2: బయోకెమిస్ట్రీ ల్యాబ్, హైదరాబాద్

పై జవాబుకు కొనసాగింపుగా, ఫెరిటిన్ పరీక్షకు వెళ్లేముందు తెలుసుకోవలసినవి రాస్తున్నాను. మీరు రాసిన బయోటిన్, జ్వరం అనే రెండు మాటలూ ఇక్కడ చాలా ముఖ్యం.

ఫెరిటిన్ రక్తంలో చాలా కొద్దిగా ఉంటుంది గాని, అది శరీరంలోని మొత్తం నిల్వకు అద్దం పడుతుంది. మిల్లీలీటరుకు 1 నానోగ్రాము ఫెరిటిన్ ఉంటే, నిల్వలో సుమారు 8 నుంచి 10 మిల్లీగ్రాముల ఐరన్ ఉన్నట్లు లెక్క. ఫెరిటిన్ తగ్గడానికి ఐరన్ లోపం తప్ప చెప్పుకోదగ్గ కారణం ఇంకొకటి దాదాపు లేదు కాబట్టి, తక్కువగా వచ్చిన ఫెరిటిన్‌ను నమ్మవచ్చు. చిక్కంతా మామూలుగా వచ్చిన ఫెరిటిన్‌తోనే. జ్వరం, ఇన్‌ఫెక్షన్, కీళ్లవాతం, కాలేయ జబ్బు, అధిక బరువు వంటివి ఉన్నప్పుడు నిల్వలతో సంబంధం లేకుండా ఫెరిటిన్ పెరుగుతుంది. డెంగీలోనైతే విపరీతంగా పెరగవచ్చు. అందుకే జ్వరం తగ్గాక కనీసం రెండు మూడు వారాలు ఆగి పరీక్ష చేయించండి, ఆగలేకపోతే, ఒంట్లో ఇన్‌ఫెక్షన్ వంటివి ఉంటే పెరిగే సీఆర్‌పీ కూడా అదే శాంపిల్‌లో చేయించండి. సీఆర్‌పీ లీటరుకు 5 మిల్లీగ్రాముల కంటే ఎక్కువగా ఉంటే, 40 ఫెరిటిన్‌ను చూసి నిశ్చింతగా ఉండటానికి లేదు.

హద్దు ఎంత అన్నదానిలోనే చాలామంది దెబ్బతింటున్నారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం ఆరోగ్యవంతులైన పెద్దవారిలో 15 కంటే తక్కువైతే, ఇన్‌ఫెక్షన్ లేదా వాపు జబ్బు ఉన్నవారిలో 70 కంటే తక్కువైతే ఐరన్ లోపంగా చూడాలి. ఐదేళ్లలోపు పిల్లలకు ఆ అంకెలు 12, 30. అయితే 15 దగ్గరికి వచ్చేసరికే నిల్వలు దాదాపు పూర్తిగా ఖాళీ అయి ఉంటాయి కాబట్టి, వైద్యం చేసే డాక్టర్లు చాలామంది 30ని హద్దుగా తీసుకుంటారు. అమెరికన్ గ్యాస్ట్రోఎంటరాలజీ అసోసియేషన్ 2020లో రక్తహీనత ఉన్నవారికి 45ను సూచించింది. ఇప్పుడు మీ చేతికి వచ్చే రిపోర్టు చూడండి. మహిళలకు నార్మల్ పరిధి కొన్ని కిట్లలో 5 దగ్గరి నుంచే, కొన్నింటిలో 11 నుంచి, మరికొన్నింటిలో 13 నుంచి మొదలవుతుంది. కిట్టు తయారు చేసినవారు కొలిచిన మహిళల్లోనే ఎంతోమందికి లోపం ఉంటుంది కాబట్టి ఆ పరిధి అంత కిందికి దిగింది. ఆ కారణంగా ఫెరిటిన్ 12 వచ్చిన అమ్మాయి రిపోర్టులో ఎర్ర అక్షరం పడదు, ఎవరూ రెండోసారి చూడరు. రోజూ ఇలాంటి రిపోర్టులు నా చేతుల మీదుగా వెళ్తుంటాయి. అడ్డుగీతల మధ్య ఉందా లేదా అని కాకుండా అంకెను చూడండని నేను వచ్చినవారందరికీ చెబుతాను, మీకూ అదే చెబుతున్నాను.

బయోటిన్ సంగతి. ఫెరిటిన్‌ను చాలా ల్యాబ్‌లలో ఇమ్యునోఅస్సే పద్ధతిలో కొలుస్తారు. వాటిలో కొన్ని యంత్రాలు బయోటిన్, స్ట్రెప్టావిడిన్ అనే పదార్థాల బంధం మీద ఆధారపడి పనిచేస్తాయి. జుట్టు కోసం అమ్మే మాత్రల్లో 5 నుంచి 10 మిల్లీగ్రాముల బయోటిన్ ఉండటం సాధారణం. అది రక్తంలో ఎక్కువగా ఉంటే ఆ బంధానికి అడ్డుపడి, ఫెరిటిన్ ఉన్నదానికంటే తక్కువగా చూపించే ప్రమాదం ఉంది. థైరాయిడ్ పరీక్షలకూ ఈ ఇబ్బంది ఉంది, అమెరికా ఎఫ్‌డీఏ 2017లోనే దీనిపై హెచ్చరించింది. రక్తం ఇవ్వడానికి కనీసం రెండు మూడు రోజుల ముందు ఆ మాత్ర ఆపించండి, వాడుతున్న సంగతి ల్యాబ్‌లోనూ చెప్పండి.

ఫెరిటిన్ 30 కంటే తక్కువగా వచ్చి సీఆర్‌పీ మామూలుగా ఉంటే సాధారణంగా అక్కడితో నిర్ధారణ అయిపోతుంది, ఐరన్ ప్రొఫైల్ తప్పనిసరి కాదు. ఫెరిటిన్ 30కి, 100కి మధ్య ఉండి అనుమానం తీరనప్పుడు సీరం ఐరన్ (రక్తంలో తిరుగుతున్న ఐరన్), టీఐబీసీ (రక్తం మొత్తం మీద మోయగల ఐరన్) ఉపయోగపడతాయి. ఐరన్‌ను టీఐబీసీతో భాగించి వందతో గుణిస్తే ట్రాన్స్‌ఫెరిన్ శాచురేషన్ వస్తుంది. అది 16 శాతం కంటే తక్కువైతే మజ్జకు ఐరన్ చాలడం లేదు. సీరం ఐరన్‌ను ఒంటరిగా మాత్రం ఎప్పుడూ నమ్మవద్దు. ఒకే మనిషిలో ఉదయానికి, సాయంత్రానికి మారుతుంది, ముందురోజు రాత్రి ఐరన్ మాత్ర వేసుకున్నా పెరిగి కనిపిస్తుంది. ఉదయం పరగడుపున, అంతకుముందు 24 గంటలు ఐరన్ మాత్ర గాని, ఐరన్ కలిసిన మల్టీవిటమిన్ గాని వేసుకోకుండా ఇవ్వాలి.

శాంపిల్ తీసేటప్పుడు ఒక చిన్న విషయం గమనించండి. సీబీపీకి ఊదా రంగు మూత ఉన్న గొట్టం వాడతారు, అందులో రక్తం గడ్డకట్టకుండా ఈడీటీఏ ఉంటుంది. ఫెరిటిన్, ఐరన్ పరీక్షలకు ఎర్ర లేదా పసుపు మూత గొట్టం వాడతారు. పసుపు గొట్టం ముందు, ఊదా గొట్టం తరువాత నింపాలి. ఈడీటీఏ ఐరన్‌ను పట్టేసుకుంటుంది కాబట్టి, రక్తం చాలలేదని ఊదా గొట్టంలోంచి కొంత పసుపు గొట్టంలోకి ఒంపితే సీరం ఐరన్ తప్పుగా తక్కువ వస్తుంది. ఇంటికి వచ్చి శాంపిల్ తీసుకునేవారు తొందరలో ఉన్నప్పుడు దీనిమీద ఒక కన్ను వేసి ఉంచండి.

జవాబు 3: ఖమ్మం జిల్లా నుంచి ఒక పాఠకుడు

మాత్రలు మొదలుపెట్టేయమన్న మీ ఆడపడుచు గారి మాట గురించి రాస్తున్నాను. మా ఇంట్లో మా తమ్ముడికి చిన్నప్పటినుంచి ఎంసీవీ 65 దగ్గర ఉండేది. రక్తం తక్కువని ఏళ్ల తరబడి ఐరన్ సిరప్‌లు, మాత్రలు వాడించారు గాని ఒక్కసారీ ఫెరిటిన్ చూడలేదు. పెళ్లికి ముందు వేరే డాక్టరు గారు హిమోగ్లోబిన్ రకాలను విడదీసి చూపే హెచ్‌పీఎల్‌సీ పరీక్ష రాస్తే, థాలసీమియా మైనర్‌లో పెరిగే హిమోగ్లోబిన్ ఏ2 అనే రకం 5 శాతం దాటి వచ్చింది. అప్పుడు తెలిసింది థాలసీమియా మైనర్ అని. వాడికి ఫెరిటిన్ సరిపడా ఉంది, అన్నాళ్లూ మింగిన ఐరన్ అవసరమే లేదు. మీ అమ్మాయికి ఆ అనుమానం లేదని పైన డాక్టరు గారు వివరంగా చెప్పారు కాబట్టి మీరు కంగారుపడవద్దు. అయితే ఇది చదివే మిగతావారు గుర్తుంచుకోవాలి: సీబీపీలో ఎంసీవీ తగ్గి ఎర్రకణాల సంఖ్య 5 మిలియన్లు దాటితే, మాత్రలకు ముందు ఒకసారి ఫెరిటిన్, అవసరమైతే హెచ్‌పీఎల్‌సీ చేయించండి. ఐరన్ లోపం కూడా కలిసి ఉంటే హిమోగ్లోబిన్ ఏ2 కొంచెం తగ్గి కనిపించవచ్చని, లోపం సరిచేశాక మళ్లీ చూడాలని మాకు డాక్టరు గారు చెప్పారు. గర్భవతులైతే మాత్రం ఆగకుండా వెంటనే చేయించి, భర్తకూ చేయించాలని చెప్పారు.

జవాబు 4: ఏఎన్ఎం, పల్నాడు జిల్లా

అక్కా, గ్రామాల్లో మా చేతికి ఇచ్చేది డిజిటల్ హిమోగ్లోబిన్ మీటరు. అనీమియా ముక్త్ భారత్ కార్యక్రమం 2018లో మొదలైనప్పటినుంచి పిల్లలకు, కిశోర బాలికలకు, గర్భిణులకు దానితోనే పరీక్షించి, ఐరన్, ఫోలిక్ యాసిడ్ మాత్రలు ఇస్తున్నాము. వేలి నుంచి తీసే రక్తంతో చాలా జాగ్రత్తగా ఉండాలి. చేతులు చల్లగా ఉంటే ముందు రుద్ది వెచ్చబరచాలి, మధ్యవేలు లేదా ఉంగరపు వేలు పక్కగా గుచ్చాలి, మొదటి చుక్కను తుడిచేయాలి, రక్తం రావడం లేదని వేలిని పిండకూడదు. పిండితే కండలోని నీరు కలిసి అంకె తగ్గిపోతుంది. నేను గుచ్చిన అమ్మాయికి 10.8 వస్తే, తొందరపడి పిండినందువల్ల వచ్చిందా, నిజంగానే ఉందా అన్నది తేల్చడానికి అవసరమైతే నరంలోంచి తీసిన రక్తంతో సీబీపీకి పంపిస్తాము.

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే 2019-21 ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15 నుంచి 49 ఏళ్ల మహిళల్లో 58.8 శాతం మందికి, తెలంగాణలో 57.6 శాతం మందికి రక్తహీనత ఉంది. అది వేలి రక్తంతో చూసిన హిమోగ్లోబిన్ లెక్క. ఫెరిటిన్ కూడా కొలిచిన జాతీయ సర్వే 2016-18లో పిల్లలకు, కిశోర వయసువారికి జరిగింది. దానిలో కిశోర బాలికల్లో 31 శాతం మందికి, బాలురలో 12 శాతం మందికి ఐరన్ లోపం కనిపించింది. అంటే అందరి రక్తహీనతా ఐరన్ లోపంతోనే రాదు, బీ12, ఫోలేట్ లోపాలు కూడా ఉంటాయి. ముఖ్యంగా పాలు, గుడ్లు సరిగా తినని ఇళ్లలో బీ12 చూడాలి. బీ12 తగ్గితే కణాలు పెద్దవవుతాయి, ఐరన్ తగ్గితే చిన్నవవుతాయి కాబట్టి రెండూ ఉన్నవారిలో ఎంసీవీ మామూలుగా వచ్చి మోసం చేస్తుందని మా మెడికల్ ఆఫీసరు గారు శిక్షణలో చెప్పారు.

ప్రభుత్వం ఇచ్చే వారం మాత్రను కిశోర బాలికలకు పరీక్ష లేకుండానే ఇస్తాము. అందులో 60 మిల్లీగ్రాముల ఐరన్ ఉంటుంది, వారానికి ఒకటే కాబట్టి ముందుజాగ్రత్తకు పనికొస్తుంది. లోపం నిర్ధారణ అయినవారికి అది చాలదు. కాబట్టి మీరు పరీక్ష చేయించి డాక్టరు గారి చేత మోతాదు రాయించుకోవడమే సరైనది.

ప్రశ్న అడిగిన తల్లి: రిపోర్టులు వచ్చాయి

అందరికీ పేరుపేరునా కృతజ్ఞతలు. మీరు చెప్పినట్లే జ్వరం తగ్గాక మూడు వారాలు ఆగి, బయోటిన్ ఆపించి, ఉదయం పరగడుపున ఇప్పించాము. ఫెరిటిన్ 7, సీఆర్‌పీ 1.2, సీరం ఐరన్ 42, టీఐబీసీ 430, బీ12 310 వచ్చాయి. ల్యాబ్ వారు ఫెరిటిన్ పక్కన నార్మల్ పరిధి 5 నుంచి అని ముద్రించారు, అందుకే ఏ గుర్తూ పెట్టలేదు! ముందే చదివి ఉండకపోతే నేను కూడా ఆ కాగితాన్ని మడిచి బీరువాలో పెట్టేసేదాన్ని. ఇప్పుడు నా సందేహాలు రెండు. లోపం ఏ దశలో ఉంది? మాత్రలు వాడాక పనిచేస్తున్నాయో లేదో ఏ పరీక్షతో, ఎప్పుడు తెలుసుకోవాలి?

జవాబు 5: పాథాలజిస్ట్, విశాఖపట్నం

అమ్మా, ఇక అనుమానానికి తావు లేదు. ఫెరిటిన్ 7, సీఆర్‌పీ మామూలు, ట్రాన్స్‌ఫెరిన్ శాచురేషన్ లెక్కకడితే 9.8 శాతం. నిల్వలు అయిపోయాయి, మజ్జకు అందేదీ తగ్గింది, హిమోగ్లోబిన్ మాత్రం ఇంకా గీత పైనే ఉంది. నేను ముందు రాసిన రెండో దశ ఇదే. మీ అమ్మాయి అలసట కల్పితం కాదు. ఐరన్ హిమోగ్లోబిన్‌కు మాత్రమే కాదు, కండరాలకు, కణాల్లో శక్తి తయారుచేసే ఎంజైములకు కూడా కావాలి కాబట్టి, రక్తహీనత రాకముందే నీరసం రావడంలో ఆశ్చర్యం లేదు.

ఎంత లోటు ఉందో ఒకసారి లెక్కవేసి చూద్దాము. అమ్మాయి బరువు 50 కిలోలు అనుకుంటే ఒంట్లో రక్తం దాదాపు మూడున్నర లీటర్లు ఉంటుంది. హిమోగ్లోబిన్ 13.4 నుంచి 12.3కి దిగిందంటే మొత్తం మీద 38 గ్రాముల హిమోగ్లోబిన్ తగ్గింది. ఒక గ్రాము హిమోగ్లోబిన్‌లో 3.4 మిల్లీగ్రాముల ఐరన్ ఉంటుంది కాబట్టి రక్తంలోంచే 130 మిల్లీగ్రాములు పోయింది. నిల్వలో మిగిలింది 60, 70 మిల్లీగ్రాములకు మించదు. ఫెరిటిన్ 50కి చేరాలంటే అక్కడ కూడా మరో 350 మిల్లీగ్రాములు నింపాలి. రోజుకు 60 మిల్లీగ్రాముల మాత్ర వేసుకుంటే ఒంటికి పట్టేది అందులో పదో వంతు, మహా అయితే ఐదో వంతు. దీనికితోడు నెలసరిలో 80 మిల్లీలీటర్ల రక్తం పోతే ఒక్క నెలలో 33 మిల్లీగ్రాముల ఐరన్ పోతుంది. అందుకే నెల రోజులు వాడి ఓపిక వచ్చిందని ఆపేస్తే మళ్లీ మొదటికి వస్తుంది.

మోతాదు మీ డాక్టరు గారు నిర్ణయించాలి. రోజు విడిచి రోజు ఒకసారి వేసుకున్నా బాగా ఒంటపడుతుందని, కడుపులో వికారం తగ్గుతుందని ఇటీవలి పరిశోధనలు చెబుతున్నాయి, ఆ సంగతి వారితో మాట్లాడండి. టీ, కాఫీలకు, మాత్రకు మధ్య గంట రెండు గంటల ఎడం ఉండాలి. నిమ్మరసం, జామపండు, ఉసిరి వంటివి తోడైతే మంచిది.

పరీక్షల విషయానికి వస్తే, మాత్రలు మొదలుపెట్టిన నాలుగు వారాలకు సీబీపీ చేయించండి. రక్తహీనత ముదిరినవారిలో ఈపాటికి హిమోగ్లోబిన్ ఒక గ్రాము దాకా పెరగాలి. మీ అమ్మాయిది అంతగా పడిపోలేదు కాబట్టి 13 దాటినా చాలు, పెరుగుతున్న దిశే ముఖ్యం. ఆ సమయంలో ఆర్‌డీడబ్ల్యూ ఇంకా పెరిగి కనిపిస్తే భయపడవద్దు, కొత్తగా పుట్టిన పెద్ద కణాలు పాత చిన్న కణాలతో కలవడం వల్ల అలా జరుగుతుంది. ఫెరిటిన్ ఇప్పుడిప్పుడే చూడవద్దు. హిమోగ్లోబిన్ కుదురుకున్నాక మరో మూడు నెలలు వాడి అప్పుడు చూడండి, అది కూడా ఇదే ల్యాబ్‌లో. వేర్వేరు యంత్రాల మీద ఫెరిటిన్ అంకెలు కొంత తేడాగా వస్తాయి. ఎప్పుడైనా ఐరన్ ఇంజెక్షన్ ఎక్కించుకోవలసి వస్తే, తరువాత కనీసం నాలుగు వారాలపాటు ఫెరిటిన్ అసహజంగా ఎక్కువ వస్తుంది కాబట్టి ఆలోపు కొలిచి ప్రయోజనం లేదు.

ఇంకొక పని మిగిలి ఉంది, అది మాత్రలకంటే ముఖ్యం. ఐరన్ ఎక్కడికి పోతోందో తేల్చాలి. ఏడు రోజుల నెలసరి, రెండు రోజులు ఎక్కువగా కావడం చూస్తే దారి అదేననిపిస్తోంది, కాబట్టి గైనకాలజిస్ట్‌కు చూపించండి. రజస్వల అయిననాటినుంచీ ఇలాగే ఉంటే, పళ్లు తీయించుకున్నప్పుడో దెబ్బ తగిలినప్పుడో రక్తం త్వరగా ఆగని సందర్భాలు ఉన్నాయేమో గుర్తు చేసుకుని చెప్పండి. అలాంటి అమ్మాయిల్లో వాన్ విల్లీబ్రాండ్ అనే రక్తస్రావ జబ్బుకు పరీక్ష చేస్తారు. మాత్రలు సరిగా వేసుకున్నా నాలుగైదు వారాల్లో కదలిక లేకపోతే హెలికోబ్యాక్టర్ (కడుపులో చేరే బ్యాక్టీరియా), సీలియాక్ (గోధుమలు పడని పేగు జబ్బు) పరీక్షలు ఆలోచించాలి. చదువుతున్నవారిలో మగవారు గాని, నెలసరి ఆగిపోయిన మహిళలు గాని ఉండి ఫెరిటిన్ ఇలా తక్కువగా వస్తే, వారు మాత్రలతో సరిపెట్టుకోకుండా కడుపులో, పేగుల్లో ఎక్కడైనా రక్తం పోతోందేమో ఎండోస్కోపీ ద్వారా చూపించుకోవాలి.

అమ్మాయి హాస్టల్‌కు వెళ్లేటప్పుడు ఈ రెండు సీబీపీలు, ఫెరిటిన్ రిపోర్టు ఫొటోలు తీసి తన ఫోన్‌లో పెట్టించండి. అక్కడ ఏ డాక్టరు దగ్గరికి వెళ్లినా ముందు అవే చూపించాలి. మీకు చిన్నమ్మాయి కూడా ఉంటే, నెలసరి మొదలై ఉంటే, ఆమెకు కూడా ఒకసారి సీబీపీతో పాటు ఫెరిటిన్ చేయించండి.